నడిచే కుర్చీ

బందరులో గఫార్ సాయిబు చేసిన బల్ల కదలదని పేరు. ఏ బల్ల పూర్తయినా దానిమీద నిండు టీ గ్లాసు పెట్టి, నాలుగు మూలలా అరచేత్తో నొక్కుతాడు. చుక్క తొణికితే ఆ బల్ల గుమ్మం దాటదు. తొంభైలో వచ్చిన గాలివానకు కొట్టు రేకులు లేచిపోయినా బల్లమీది టీ చల్లారిందేగాని ఒలకలేదని వడ్రంగులు ఇప్పటికీ ప్రమాణం చేస్తారు. అలాంటి మనిషికి, రిటైరైన నర్సు రూతమ్మగారు ఊగే కుర్చీ బాగుచెయ్యమని కబురు పెట్టారు. ఎవరో అమెరికా డాక్టరమ్మ వదిలి వెళ్లిన పాత కుర్చీ అది. వీపుకు సన్నని కడ్డీలు, ముందుకు ఒంపు తిరిగిన పీట, కాళ్ల కింద రెండు వంపు బద్దలు. రాత్రిళ్లు అందులో ఊగితేనే ఆవిడకు నిద్ర; ఒక బద్ద విరిగిన నాటినుంచి నడుంనొప్పితో కునుకు లేదు. సాయిబు ఆవిడ ఇంటికే వెళ్లి, బండిచక్రానికి చెక్కినట్టు నల్లతుమ్మతో కొత్త బద్ద చెక్కి బిగించాడు. ఆవిడ ఊగగానే కుర్చీ పక్కకు జరుగుతూ గుమ్మంవైపు బయల్దేరింది.

"ఏమండీ సాయిబుగారూ, ఇది నన్ను బస్టాండులో దింపేట్టుందండీ!"

"కూర్చోండమ్మా, టిక్కెట్టు నేనడగను" అన్నాడేగాని సాయిబు చెవులు ఎర్రబడ్డాయి. నలభై ఏళ్ల పేరు ఆ గుమ్మంలోనే పోయేట్టుంది. నేలమీద బోర్లా పడుకుని, ఒక కన్ను మూసి చూశాడు. రెండోవైపున్న పాత బద్ద ఏళ్లతరబడి ఊగి అడుగున అరిగిపోయింది, తనదేమో నిండుగా ఉంది; అందుకే కుర్చీ పక్కకు లాగుతోంది. మంచి చెక్కను కావాలని అరగదీయడం జన్మలో చేయని పని. అయినా గాజుపెంకు తీసుకుని, పాతదాన్ని తడిమి చూసుకుంటూ పొట్టు పొట్టుగా గీకాడు. మళ్లీ ఊగమన్నాడు. ఈసారి కుర్చీ ఉన్నచోటే ఊగింది, ఊగి ఊగి ఆగింది. చూస్తే రూతమ్మగారు గుర్రు పెడుతున్నారు. సాయిబు గుండెలనిండా ఊపిరి తీసుకుని, చెప్పులు చేత్తో పట్టుకుని, పిల్లిలా మెట్లు దిగాడు.