డాక్టర్‌కి తెరుచుకున్న కెమెరాలు

మా స్కూల్లో రెండో తరగతికి శనివారాలు ఆన్‌లైన్ క్లాసు. అమీర్‌పేటలో మా ఇంట్లోంచే చెబుతాను. అంకెల కార్డులు కెమెరా ముందు పట్టుకుని నేను గొంతు చించుకుంటుంటే, నాకు కనిపించేవి పేర్లున్న నల్ల డబ్బాలే. కెమెరా ఆన్ చేయండమ్మా అంటే అందరికీ నెట్ ప్రాబ్లమే.

ఈ రోజు శుభ్రత గురించి చెప్పమని పంజాగుట్టలో ఉండే ఒక పిల్లల డాక్టర్‌ని ఆన్‌లైన్ క్లాసులోకి పిలిచాను. ఆవిడ "ఏదీ, గోళ్లు చూపించండి" అన్నారో లేదో, అన్ని కెమెరాలూ తెరుచుకున్నాయి. మా క్లాసు పిల్ల శాన్వి వెనక వాళ్ల నానమ్మ కూడా చేతులు చాపింది. నాకు కడుపు మండిపోయింది. ఆ మంటలో నేనూ చేతులు చూపించాను.

"టీచర్‌గారూ, మీవి కూడా కొంచెం కత్తిరించుకోవాలండీ," అన్నారు డాక్టర్.

"నేను సుత ఎప్పటిసంది చెప్దామనుకుంటున్న టీచర్. మీరు కార్డు పట్టుకున్నప్పుడల్లా కనబడ్తయ్," అంది శాన్వి.

అంటే ఆ నల్ల డబ్బా వెనక నుంచి ఈ పిల్ల ఇన్నాళ్లూ నన్ను గోళ్లతో సహా చూస్తూనే ఉందన్నమాట.

సాయంత్రం గోళ్లు కత్తిరించుకున్నాను. డాక్టర్ మీద కుళ్లు మాత్రం అలాగే ఉంది. మీరైతే ఆవిణ్ణి మళ్లీ పిలుస్తారా?