ఒక్క బటన్ మీద అనుమానం

అమలాపురంలో ఓ కాలేజీ వెబ్‌సైట్‌లో నోటీసు పెట్టాలంటే ఇన్నాళ్లూ ఆరు పేజీలు దాటాల్సొచ్చేది. ఆ సైట్ పని చూసే నేను దాన్ని ఒక్క బటన్‌కి తగ్గించి, ఈ రోజు కాలేజీ ఆఫీసులో నోటీసులు పెట్టే సత్యవతిగారికి చూపించాను. ఆవిడ పరీక్ష నోటీసు టైపు చేసి నొక్కగానే 'సైట్‌లో పెట్టబడింది' అని వచ్చింది.

"ఇంత తొందరగానా? ఏదో తేడా ఉందండీ," అంటూ కువైట్‌లో ఉన్న తమ్ముడికి స్పీకర్‌లో ఫోన్ చేశారు. "సైట్‌లో కనపడుతోందేంట్రా?"

"కనపడుతోందక్కా. పరీక్ష ఆదివారం పెట్టేరేంటి?"

ఆవిడ నావైపు తిరిగారు. "చూసేరా! పాతదైతే ఆరుసార్లు చదివేదాన్నండీ."

ఇంటికొచ్చి, ఆ బటన్ తర్వాత ఒక పేజీ తిరిగి పెట్టాను: 'ఒకసారి చదివేరాండీ?' అది కూడా చదవకుండానే అవునని నొక్కేస్తారని నా అనుమానం. మీరైతే చదువుతారా? నిజం చెప్పండి.