ప్రతిమ గిటారుకు బిగించిన బార్

చింతామణి ఊరి చుట్టుపక్కల ప్రతిమ నోటికి జడవని వాయిద్యగాడు లేడు. పెళ్ళిళ్ళలో, గణేశ పందిళ్ళలో పదేళ్ళుగా ఎలక్ట్రిక్ గిటారు వాయిస్తున్న మనిషి. ఆమె లెక్కలో కీబోర్డు వాయించేవాడు మీటలు నొక్కే గుమాస్తా, డ్రమ్ములవాడు కంకర కొట్టే కూలీ. అందరికంటే చిన్నచూపు చిక్కబళ్ళాపురం గిరీశ్ మీద. అతని గిటారుకు ట్రెమలో ఉంది. తీగల మొదలు పట్టుకునే బ్రిడ్జికి తగిలించిన ఆ ఇనుప బార్‌ను నొక్కితే తీగలన్నీ ఒక్కసారిగా వదులై స్వరం జారుతుంది, వదిలితే మళ్ళీ పైకి లేస్తుంది. గిరీశ్ దాన్ని పట్టుకుని ఊగిపోతుంటే కుర్రకారు ఈలలు వేసేది.

"స్వరాన్ని వేలితో ఊపాల. చేతగానోడే కడ్డీ పట్టుకోని ఏడుస్తాడు," అని స్టేజీ వెనక అందరూ వినేట్టు అనేది ప్రతిమ. గిరీశ్ విని కూడా విననట్టు ఊరుకునేవాడు. ఆ ఊరుకోవడం కూడా ఆమెకు చేతగానితనంగానే కనిపించేది.

నిరుడు వేసవిలో తండ్రి రామాంజినప్ప అంగడి షట్టరు జారి ఆమె ఎడమచేతి మీద పడింది. ఎముకలు అతుక్కున్నాయి కానీ నడిమి వేలు, ఉంగరపు వేలు బిగుసుకుపోయాయి. తీగను నొక్కగలవు, నొక్కిపట్టి ఊపలేవు. ఆ ఊపు లేని స్వరం నిదానమైన పాటలో ఎండుకట్టెలాగా నిలబడిపోతుంది.

అది మొదట పసిగట్టినవాడు ఆమే గిరీశూ వాయించే బాగేపల్లి ఆర్కెస్ట్రా యజమాని నాగేశ్. "ఇంగ ముందు నిలబడి లీడ్ గిరీశ్ వాయిస్తాడులేమ్మా. నువ్వు వెనకుండి కార్డ్స్ పట్టుకో, సాలు," అన్నాడు.

నాగేశుకు దేవుడు చెవులిచ్చింది కళ్ళద్దాలు తగిలించుకోవడానికే అని ప్రతిమ నమ్మకం. అట్లాంటివాడికి కూడా తన లోపం వినిపించిందంటే దాచడానికి ఇంకేమీ మిగల్లేదు. నెలల తరబడి పాటకు ఆసరాగా తీగలన్నీ కలిపి కార్డ్స్ మీటుతూ, ముందు నిలబడి ఊగుతున్న గిరీశ్ వీపు చూసింది. చివరకు పళ్ళు కొరుక్కుంటూ గిటారు పెట్టె ఎత్తుకుని చిక్కబళ్ళాపురం బస్సెక్కింది. ఈ చుట్టుపక్కల ట్రెమలోలు బిగించడం తెలిసినవాడు అతనొక్కడే.

గిరీశ్ రిపేరు గది నిండా విప్పిన గిటార్లు. ఆమెను చూసి అతను స్టూలు తుడిచి వేశాడు.

"ఏమక్కా, దారి తప్పి వచ్చినావా?"

"ట్రెమలో కావాల. ఏమేముండాయో చూపీ."

గిరీశ్ కాసేపు ఆమె ముఖం వైపు, తర్వాత ఆమె ఎడమచేతి వైపు చూశాడు. "వేళ్ళు ఇంకా తిరగల్యాదా?"

"డాక్టరు పని కూడా మొదలుపెట్టినావా?"

"కడ్డీ పట్టుకోని ఏడిచేవాడంటివి గదక్కా నన్ను."

"అంటి. ఇప్పుడూ అంటా. ముందు చూపీ."

క్షమాపణ అనే మాట ఆమె గొంతు దాకా కూడా రాలేదు. గిరీశ్ నవ్వి, తన గిటారే ఆమె ఒళ్ళో పెట్టాడు. దాని బ్రిడ్జి చెక్కకు ఆనదు, ఒకవైపు తీగల లాగుడుకూ మరోవైపు స్ప్రింగుల లాగుడుకూ మధ్య త్రాసులాగా తూగుతూ ఉంటుంది. ప్రతిమకు అరచేయి బ్రిడ్జి మీద ఆనించి వాయించే అలవాటు. ఆనించగానే స్వరాలన్నీ పక్కకు ఒరిగాయి. ఒక తీగ తెగితే మిగతావన్నీ శ్రుతి తప్పుతాయని గిరీశే ఒప్పుకున్నాడు.

"ఇంత అలిగేదానితో ఎట్ల కాపరం చేస్తాండావప్పా?" అంది ప్రతిమ.

రెండోది చెక్కకు ఆనుకుని కూర్చునే రకం. చేతికి బాగానే ఉంది. అయితే దాని స్ప్రింగులు పెట్టడానికి గిటారు వీపు తొలవాలి.

"దీన్ని కోసేది ల్యాదు," అని తన గిటారు దగ్గరికి లాక్కుంది. అప్పుడు ఆమె గొంతులో ఎగతాళి లేదు.

గిరీశ్ మూల ఉన్న అట్టపెట్టె వెతికి, ఎవరో పీకేయించుకున్న పాతకాలపు ట్రెమలో బయటికి తీశాడు. గిటారు పైనే మరమేకులతో బిగించేది. బరువైన రేకు, పొట్టి స్ప్రింగు ఒకటి, బోరింగు పిడిలాంటి బార్. "దీంతో స్వరం శానా దూరం జారదక్కా. రవ్వంత వణుకుతాది, అంతే. తీగ మార్చాలంటే ప్రాణం పోతాది. ఇదెవురూ అడగరు."

"నాకు రవ్వంతే కావాల," అంది ప్రతిమ.

అతను బిగిస్తుంటే పక్కనే నిలబడి ప్రతి మరమేకుకూ వంక పెట్టింది. మెడ చివర తీగలు పట్టేయకుండా గాడుల్లో పెన్సిలు సీసం రుద్దితే, ఇది బడిపిల్లల వైద్యమని వెక్కిరించింది. గిరీశ్ గిటారు చేతికిచ్చాడు. ఎడమచేత్తో ఒక స్వరం నొక్కి, కుడిచేత్తో మీటి, ఆ అరచేత్తోనే బార్‌ను మెల్లగా తాకింది. స్వరం వణికింది. ఆ వణుకు వినక ఏడాదైంది. ప్రతిమ తల ఎత్తలేదు. గిరీశ్ టీ చెప్పి వస్తానని బయటికి పోయి, కావాలనే ఆలస్యంగా వచ్చాడు.

ఆ వణుకును అదుపులోకి తెచ్చుకోవడానికి వానాకాలమంతా పట్టింది. మొదట్లో తాగినవాడి మాటలాగా తూలేది. అప్పుడు మాత్రం తిట్టడానికి పక్కన ఎవరూ లేరు, తననే తిట్టుకుంది.

కార్తీకంలో బాగేపల్లి పెళ్ళి రిసెప్షన్లో ఒక నిదానమైన పాటకు లీడ్ తనకు వదలమని నాగేశును అడిగింది. వాయించింది. భోజనాల దగ్గర గోల ఎప్పటిలాగే ఉంది, పెళ్ళికొడుకు ఫోన్ చూసుకుంటూనే ఉన్నాడు. ముందు వరసలో ఉన్న ఒక పెద్దామె మాత్రం చేతిలో ఐస్‌క్రీము కరిగిపోతున్నా కదలకుండా వింది.

పాట కాగానే నాగేశ్ పరుగెత్తుకొచ్చాడు. "సెయ్యి బాగైపోయిందేమ్మా! ఆ వేళ్ళు ఎట్ల ఆడ్తాండాయి! నేను కనిపెట్టేసినా."

కళ్ళెదుట ఇనుప బార్ మెరుస్తుంటే వేళ్ళను పొగుడుతున్న ఆ మనిషిని ప్రతిమ పై నుంచి కింది దాకా చూసింది. సరిదిద్దే ఓపిక కూడా దండగ అనిపించింది. పక్కనే గిరీశ్ తన గిటారు శ్రుతి చేసుకుంటున్నాడు. అది వేళ్ళ పని కాదు, కడ్డీ పని అని ఒక్క మాట అంటే పదేళ్ళ మాటలకు బదులు తీరిపోతుంది. అతను నోరు మెదపలేదు.

ఆ ఊరుకోవడాన్ని చేతగానితనం అనుకోవడానికి ఆమె ప్రయత్నించింది. కుదరలేదు.

"నాగేశప్పా, నిదానం పాటలు నావి," అంది. "కుప్పిగంతుల పాటలు గిరీశ్‌వి. వాడు బాగానే వాయిస్తాడు."

ఆ ఆఖరి మాట ఆమె నోట విన్న డ్రమ్ములవాడి చేతిలో పుల్ల జారి కింద పడింది.