నేను లోపాలెంచిన విశ్వవిద్యాలయం

తన చదువును తానే చెడగొట్టుకోవడం పెద్ద విశేషమేమీ కాదు. ఆ పని లోకంలో చాలామంది చేస్తూనే ఉన్నారు. ఒకే ఒక్క ఫోన్ కాల్‌తో తన చదువునూ, ముఖమైనా ఎరగని ఇంకొకరి చదువునూ కలిపి దారి మళ్లించాలంటే మాత్రం ప్రత్యేకమైన ప్రతిభ కావాలి. పదిహేడో ఏట నాకది పుష్కలంగా ఉండేది. ఎంత ఉండేదో ఇప్పుడు చెబుతాను. నవ్వు వస్తే మొహమాటపడకండి. మా ఊళ్లో ఇప్పటికీ నవ్వుతున్నారు, మీరూ నవ్వితే కొత్తగా పోయే పరువేం లేదు.

మాది అనంతగిరి దగ్గర చిన్న పల్లె. ఇంటి వెనక కాఫీ తోట, తోటలో చెట్లకు పాకిన మిరియాల తీగలు, వీధి చివర రేకుల చర్చి. పాస్టరుగారు నాకు సువార్త అని పేరు పెట్టారు. ఆయన పెట్టింది మంచి ఉద్దేశంతోనే. ఆ పేరుగల పిల్ల ఎలాంటి వార్తలు మోసుకొస్తుందో పాపం ఆయనకేం తెలుసు!

ఇంటర్ పాసయ్యాక నా ముందు రెండు యూనివర్సిటీలు నిలబడ్డాయి. ఒకటి విశాఖపట్నంలో, సముద్రం పక్కన. రెండోది కృష్ణా నది అవతల, ఎండలకు పేరుబడ్డ ఒక ఊళ్లో. నాకొచ్చిన ర్యాంకుకు ఆన్‌లైన్‌లో ఏది ముందు పెడితే అందులోనే సీటు వస్తుందని మా బోటనీ లెక్చరరు చెప్పారు. మా పల్లె నుంచి అంతదూరం వెళ్లిన ఆడపిల్ల అప్పటికి ఒక్కతీ లేదు. అందుకే ఆయన నన్ను కూర్చోబెట్టి బోధించారు.

"చూడు సువార్తా, మంచి సంగతులన్నీ వాళ్ల వెబ్‌సైట్‌లోనే ఉంటాయి. నువ్వు చూడాల్సింది లోపాలు. యూనివర్సిటీ లోపాలు, ఆ ఊరి లోపాలు. వాటితో మూడేళ్లు బతకగలనా అని తేల్చుకుని అప్పుడు చేరు."

బంగారంలాంటి సలహా. దాన్ని ఇంతలా తగలేసిన విద్యార్థి ఆయన సర్వీసులో ఇంకొకరు ఉండి ఉండరు.

నేను వెంటనే ఒక పొడుగు నోట్‌బుక్ తెచ్చి, స్కేలుతో గీతలు గీసి, పైన ఎర్ర స్కెచ్‌పెన్‌తో 'లోపాలు' అని రాశాను. కృష్ణ అవతలి యూనివర్సిటీ చూసొచ్చేంత వ్యవధి లేదు. కనక విశాఖపట్నందాన్ని మాత్రమే చూస్తాను. దానికి లోపాలు తక్కువుంటే అదే ముందు, ఎక్కువుంటే రెండోదే ముందు. మరి రెండోదాని లోపాల సంగతి అంటారా? వాటిని ఎవరూ చూడలేదు కాబట్టి అవి లేనట్టే! నా తర్కం అలా ఉండేది. ఇప్పుడు తలుచుకుంటే ఎవరో నా తల మీద మొట్టికాయ వేస్తున్నట్టుంటుంది.

ఆప్షన్లు పెట్టడానికి ఆఖరి రోజు శుక్రవారం, అరకు సంత రోజు. మా అయ్య మిరియాలతో సంతకెళ్లి, అటునుంచటే నెట్ సెంటర్‌కి పోయి కూర్చుంటానన్నాడు.

"అయిదు గంటలకి మూసేత్తారట. నువ్వు సూసుకోని బేగి ఫోన్ సెయ్యి. నువ్వేది ముందెట్టమంటే అదే ముందెడతాను."

"గుంటనొక్కదాన్నీ పంపుతావేటిరా?" అంటూ మా మామ్మ, అంటే మా అయ్య తల్లి, అప్పటికే ఉతికిన చీర కట్టేసుకుంది.

తెల్లారాక మొదటి బస్సెక్కాం. ఘాట్ రోడ్డు మలుపుల్లో నేను కిటికీకి అతుక్కుపోయి, పక్కనే మామ్మ ముందు సీటువాళ్లతో చుట్టరికాలు కలుపుకుంటూ తొమ్మిదిన్నరకల్లా విశాఖపట్నంలో దిగాం. అక్కడ, మహాజనులారా, నా ఘనకార్యం మొదలైంది.

అందరిలాగా 'యూనివర్సిటీ' అంటే ఆటో ఆయన నన్ను కొండ మీంచి దిగిన పిల్ల అనుకుంటాడని నా బాధ. చదువుకున్న పిల్లలా కనపడాలి. అందుకని గొంతు సవరించుకుని, రేడియోలో వార్తలు చదివే ఆవిడలా, "విద్యాపీఠానికి పోనివ్వండి" అన్నాను.

ఆటో ఆయన నన్ను చూశాడు. తర్వాత మోకాలు పట్టుకుని మూలుగుతూ ఎక్కుతున్న మామ్మను చూశాడు.

"మోకాళ్లా మామ్మా?"

"అవున్నాయినా. కొండెక్కలేకపోతన్నాను."

"అక్కడికెల్తే తగ్గిపోద్దిలే. మా అత్తకి తగ్గిపోనాది."

చదువంటే మామూలు జనానికి ఎంత నమ్మకమో అని నేను పొంగిపోయాను.

కొండవాలులో పెద్ద ప్రహరీ ముందు దింపాడు. లోపల సరుగుడు చెట్లు, కింద సముద్రం. బోర్డు సగాన్ని కాగితంపూల తీగ కప్పేసింది. మిగిలిన సగంలో 'విద్యాపీఠం' అని ఉంది. నాకంతకంటే ఏం కావాలి?

కౌంటర్ వెనక తెల్లచీర కట్టుకున్న ఒకావిడ రెండు ఫోన్లు మాట్లాడుతూ మధ్యలో మమ్మల్ని పలకరించింది.

"చేరడానికా?"

"చేరేముందు ఒకసారి చూసుకుందామని వచ్చామండీ."

"మంచిది. ఒకరోజు చూసుకుని చేరేవాళ్లే ఎక్కువ. ఎన్నాళ్లుందామని?"

"మూడేళ్లు."

ఆవిడ ఫోన్ కింద పెట్టేసింది. "మూడేళ్లా! అంతెందుకమ్మా? ఎంత మొండిదైనా పదకొండు రోజుల్లో అయిపోతుంది." మళ్లీ నావైపు జాలిగా చూసి, "చిన్నప్పుడే వచ్చావు, నయం. ఇక్కడికొచ్చేసరికి చాలామందికి అరవై దాటుతున్నాయి" అంది.

నేను పక్కకు వెళ్లి నోట్‌బుక్ తెరిచాను. 'కోర్సు పదకొండు రోజుల్లో చుట్టేస్తారు. నాణ్యత లేదు. సీటు దొరికేసరికి అరవై ఏళ్లు వస్తాయి' అని రాసి కింద గీత గీశాను.

ఆ వెంటనే మా ఇద్దరినీ తూకం మీద నిలబెట్టి బరువు చూశారు, చేతికి పట్టీ చుట్టి బీపీ చూశారు. యూనివర్సిటీ కదా, అన్నీ పద్ధతి ప్రకారం చేస్తారు కాబోలు అనుకున్నాను. మామ్మను ఒకమ్మాయి చెయ్యి పట్టుకుని అటు తీసుకుపోయింది. నాకో గ్లాసు బూడిదగుమ్మడి రసం ఇచ్చి, కాసేపు తిరిగి రమ్మన్నారు.

తిరిగాను. తోటలో తెల్లటి వదులు బట్టలేసుకున్న పెద్దమనుషులు చెప్పుల్లేకుండా గులకరాళ్ల మీద మూలుగుతూ నడుస్తున్నారు. బట్టతలలు, బానపొట్టలు. వీళ్లే విద్యార్థులు! ఒకాయన బెంచీ మీద కూర్చుని ఆయాసపడుతుంటే దగ్గరకెళ్లాను.

"నమస్కారం సార్. మీరెన్నో ఏడు?"

"నాలుగో సారమ్మా రావడం."

నాలుగోసారి! ఓదార్పుగా, "ఎన్ని పోయాయి సార్?" అని అడిగాను. మాకు కాలేజీలో సబ్జెక్టు పోవడమంటే పరీక్ష తప్పడమే.

ఆయన ముఖం వెలిగిపోయింది. "అన్నీ పోయాయమ్మా! షుగరొక్కటే మిగిలింది."

అన్నీ తప్పి ఇంత సంతోషంగా ఉన్న మనిషిని నేనెక్కడా చూడలేదు. షుగరంటే కెమిస్ట్రీలో చక్కెరల పాఠం కాబోలు అనుకున్నాను.

"మరి మీ సార్లు ఏమంటున్నారు?"

"డాక్టరుగారు భరోసా ఇచ్చారు. ఇంకో పదకొండు రోజులుంటే అదీ పోతుందన్నారు."

ఎంత దుర్మార్గం! ఉన్న ఒక్క సబ్జెక్టూ పోగొడతామని డాక్టరేట్ చేసిన మాస్టర్లే మాటిస్తున్నారు. నోట్‌బుక్‌లో ఆ పేజీ చాలక వెనక్కి తిప్పి కూడా రాశాను.

మధ్యాహ్నం భోజనానికి ఉడకబెట్టిన ఆనపకాయ ముక్కలు పెట్టారు. ఉప్పు లేదు, కారం లేదు, పక్కన అన్నం లేదు. "అన్నం ఎప్పుడు పెడతారండీ?" అని వడ్డించే ఆయన్ని అడిగితే, "ఆరో రోజు" అన్నాడు, ఏదో వరమిచ్చినట్టు.

మామ్మేదని వెతికితే, ఒక గదిలో చెక్కపెట్టెలో కనపడింది. పెట్టె పైన తల ఒక్కటే ఉంది. చుట్టూ ఆవిరి. నాకు కేక రాబోయింది.

"అరవకే గుంటా! ఎంత సుకంగా ఉన్నాదో! నూనెట్టి మోకాళ్లు రుద్దినారు, ఇప్పుడు ఎచ్చగా పొగెట్టినారు. నీకు సీటు రాపోతే ఒగ్గీ, నన్ను సేర్పించీ."

మామ్మను మంచి చేసుకుని నా నోరు మూయించాలని చూస్తున్నారని నాకు అర్థమైపోయింది.

అసలు దెబ్బ మూడున్నరకు తగిలింది. తెల్లబట్టల అమ్మాయిలిద్దరు నన్నొక గదిలోకి తీసుకెళ్లి, బల్ల మీద పడుకోమన్నారు. పడుకోగానే పొట్ట మీద చల్లగా ఏదో పడింది. తల ఎత్తి చూద్దును కదా, బురద! కేజీలకు కేజీలు బురద! ఇంకో అమ్మాయి కళ్ల మీద కూడా ఒక ముద్ద పెట్టేసింది.

ర్యాగింగ్! మా లెక్చరరు ముందే చెప్పారు, సీనియర్లు కొత్తవాళ్లను ఏడిపిస్తారని. నేనేమన్నా తక్కువ తిన్నానా? కొండ పిల్లకు భయం లేదని తెలియాలి. కళ్ల మీద బురదతోనే చెయ్యెత్తి సెల్యూట్ కొట్టి, "నా పేరు సువార్త, మాది అనంతగిరి, ఏం పాట పాడమంటారు మేడమ్?" అన్నాను.

"ఏ పాటైనా పరవాలేదమ్మా, కదలకుండా పాడు" అంది ఒకమ్మాయి.

క్రిస్మస్‌కి చర్చిలో పాడే పాట మూడు చరణాలూ పాడాను. పక్క బల్ల మీద ఎవరో చప్పట్లు కూడా కొట్టారు.

ఇరవై నిమిషాలకు వదిలారు. కడుక్కుని, బయటికొచ్చి మా అయ్యకు ఫోన్ చేశాను.

"అయ్యా, ఈ యూనివర్సిటీ మనకొద్దు. లిస్టులోంచి తీసీ."

"ఏటమ్మా, ఏటయింది?"

"తిండికి ఆనపకాయొక్కటే. అందులో ఉప్పు కూడా నేదు."

"ఉప్పు నేదా!"

"ఇక్కడ చదివినోలందరూ ముసలోలే. నాలుగేసిసార్లు తప్పినోలే."

"ఓలమ్మా!"

"నా పొట్ట మీద బురదేసినారయ్యా."

మా అయ్య గొంతు మారింది.

"ఎవులేసినారు?"

"సీనియర్లు."

"నువ్వూ మామ్మా బేగి బయటకొచ్చీండి. నేనిప్పుడే తీసీత్తాను."

పెద్ద భారం దిగిపోయింది. వెళ్లేముందు ఈ సంస్థ పెద్దకు నాలుగు మాటలు చెప్పి పోవాలని, నోట్‌బుక్ పట్టుకుని నేరుగా డాక్టరుగారి గదిలోకి వెళ్లాను. మెడలో స్టెతస్కోప్ చూసినప్పుడైనా బుద్ధి రావాలి కదా! రాలేదు.

"సార్, పిల్లల మీద బురద వేయిస్తారా? ఇక్కడ చదివినవాళ్లకు ఉద్యోగాలెలా వస్తాయి?"

ఆయన కళ్లజోడు తీశాడు. "ఇక్కడ చదవడమేమిటమ్మా? నువ్వు ఎక్కడికి రావాలనుకున్నావు?"

"యూనివర్సిటీకి."

ఆయన నా నోట్‌బుక్ అడిగి తీసుకున్నాడు. మొదటి పేజీ చదివాడు. రెండో పేజీ దగ్గర దగ్గు తెర వచ్చింది. మూడో పేజీకి లేచి కిటికీవైపు తిరిగి నిలబడ్డాడు. భుజాలు కదులుతున్నాయి. చివరికి నన్ను గేటు దాకా తీసుకెళ్లి, వాచ్‌మన్ చేత కాగితంపూల తీగ పక్కకు లాగించాడు.

'ప్రకృతి చికిత్సా విద్యాపీఠం.'

నా కాళ్ల కింద ఘాట్ రోడ్డు మొత్తం గిర్రున తిరిగింది. అప్పుడు టైము నాలుగూ నలభై. వెంటనే ఫోన్ చేశాను.

"అయ్యా, దాన్ని తీసీసినావా?"

"తీసీసినాను! ఫైనల్ కూడా నొక్కీసినాను. ఇంకేటీ మారదట, నువ్వేటీ బయపడకు. ఇంకో మాటినుకో. ఇక్కడ రూతని ఇంకో గుంట, ఆళ్లయ్యతో వచ్చినాది. అదీ అదే యూనివర్సిటీ ముందెట్టబోతంటే నేనాపినాను. ఆలూ తీసీసినారు. 'మా గుంటని బతికించినావు బావా' అని ఆలయ్య నాకు దండమెట్టినాడు."

"అయ్యా, ఆళ్లనాపు!"

"బస్సెక్కీసినారు. ఎందుకే?"

ఎందుకో చెప్పడానికి నాకు నోరు రాలేదు. మామ్మకు వచ్చింది. మర్నాటికల్లా పల్లెలో ఇంటింటికీ తిరిగి, చెక్కపెట్టె గురించి, నూనె గురించి, బురదలో పడుకుని మనవరాలు పాడిన పాట గురించి వివరంగా చెప్పింది. మా అయ్య రెండు రోజులు నాతో మాట్లాడలేదు. మూడో రోజు కాఫీ మొక్కల మధ్య ఒంటరిగా నవ్వుకుంటూ దొరికిపోయాడు.

ఆ విధంగా నేను కృష్ణ అవతల చేరాను. ఎవరూ చూడని ఆ లోపాలన్నీ నాకోసం వరసకట్టి కూర్చున్నాయి. మేలో కుళాయి తిప్పితే టీ పెట్టుకోవడానికి సరిపడేంత వేడి నీళ్లు వచ్చేవి. కొండ చూడాలనిపిస్తే జాగ్రఫీ డిపార్ట్‌మెంట్‌కి పోయి మ్యాపు చూడాల్సిందే. అవన్నీ భరించాను. భరించలేనిది ఒక్కటే, నా రూమ్మేట్. ఆమె పేరు రూతు.

మొదటిరోజే నా పేరూ ఊరూ వినగానే నా చేతులు పట్టేసుకుంది. "నువ్వేటి ఆ సువార్తవి? నువ్వు సెప్పకపోతే నా పొట్ట మీద కూడా బురదేసీసుందురు!"

నిజం చెబుదామనే నోరు తెరిచాను. ఆ నోట్లో ఆమె వాళ్లింటి నుంచి తెచ్చిన చోడి అట్టు, అదే రాగి అట్టు, ముక్క పెట్టింది. ఆ తర్వాత ఎప్పుడు చెప్పబోయినా ఇలాగే ఏదో ఒక మంచి చేసేది. నాకు జ్వరమొస్తే రాత్రీ పగలూ కనిపెట్టుకుంది. నా రికార్డులో బొమ్మలు వేసింది. ఆమెకు సముద్రమంటే ప్రాణమని తెలిసిన రోజు నాకు అన్నం దిగలేదు.

మూడో ఏడు మొదట్లో ఒక ఆదివారం మధ్యాహ్నం, ఇక ఉండబట్టలేక మొత్తం చెప్పేశాను. కాగితంపూలు, షుగరు, ఆనపకాయ, పాట, అన్నీ. తిట్టు, కొట్టు, నీ ఇష్టం అని తల వంచుకుని కూర్చున్నాను.

రూతు తిట్టలేదు. నవ్వలేదు. తలుపువైపు చూసింది.

"ఓలే సువార్తా," అంది. "మా సెల్లికి ఈ ఏడు ఆ యూనివర్సిటీలోనే సీటొచ్చినాది. సేరిపోతానని ఏడిసినాది. నేనే ఒద్దని బలవంతాన మానిపించి, ఇక్కడ సేర్పించినాను."

"ఎప్పుడొస్తుంది?" అన్నాను.

జవాబుగా తలుపు చప్పుడైంది. చంకలో పరుపుచుట్టతో, చెమటలో తడిసి ముద్దయిన ఒక గుంట లోపలికొచ్చి, నన్ను చూసి రెండు చేతులూ జోడించింది.

"సువార్తక్కవి నువ్వేనేటి? నీ దయవల్ల బతికిపోనానక్కా!"

కాబట్టి, ఇది చదువుతున్న మీ అందరి సాక్షిగా, నిండు మనసుతో ప్రమాణం చేస్తున్నాను. ఇకమీదట ఏ యూనివర్సిటీ గురించీ, ఏ ఊరి గురించీ, మంచనిగానీ చెడ్డనిగానీ నా నోట ఒక్క మాట రాదు. మీ పిల్లల్ని ఎందులో చేర్పించాలని మీరు నన్ను అడిగితే, నాకు తెలియదంటాను. నిజంగా తెలిసినా సరే, తెలియదనే అంటాను.