నాలుగు వేళ్ల మడత

అమెరికాలో, ట్రాయ్‌లో మా ఇంటికి పది నిమిషాల దూరంలో ఉన్న మాల్‌లో, సూట్లు అమ్మే దుకాణం వెనక గదిలోంచి, వేడి ఇస్త్రీపెట్టె కింద తడిసిన ఉన్నిగుడ్డ వాసన వచ్చింది. కాస్త తడిసిన గొర్రెలా, కాస్త మాడిన నూలులా ఉండే ఆ వాసన తగిలితే చాలు, ఎక్కడున్నా నాకు పదమూడేళ్లు వచ్చేస్తాయి. ఆ రోజు మాత్రం రాలేదు. ఎదురుగా అద్దం ముందు నిలబడ్డ మా మనవడు రోహన్ ఒంటిమీది కోటు చూసి డెబ్బై ఆరు దగ్గరే ఆగిపోయి మండిపడ్డాను.

మా రోహన్ ఏడడుగులుంటాడని నా స్నేహితులకి చెబుతుంటాను. కొలిస్తే ఆరడుగుల మూడంగుళాలు. అంత మనిషికి ఆ కోటు నడుము దాటి నాలుగంగుళాలు దిగి, ఇక నావల్ల కాదన్నట్టు ఆగిపోయింది. వెనక ప్యాంటు జేబులు రెండూ కిటికీలోంచి తొంగిచూసే పిల్లల్లా బయటికి కనబడుతున్నాయి. ఆడపిల్లల జాకెట్టుకీ దీనికీ తేడా ఎంత? ఎవడు కనిపెట్టాడీ ఫ్యాషన్? గుడ్డ మిగుల్చుకునేవాడే కనిపెట్టి ఉంటాడు.

"తాతా, ఇట్స్ ద స్టైల్. ఎవ్రీబడీ ఇలాగే వేస్కుంటారు," అన్నాడు రోహన్.

"పొట్టివాళ్లు వేసుకుంటార్రా. పొట్టివాడికి పొట్టికోటు వేస్తే కాళ్లు పొడుగ్గా కనబడతాయి. నీ కాళ్లకి ఆ సాయం దేనికి? ఇప్పటికే కొంగలా ఉన్నావు."

వచ్చే నెల వాడి అక్క మేఘన పెళ్లి. పంచె కట్టుకుంటే ఊడిపోతుందని వాడి భయం. అందుకని ముహూర్తానికి కూడా సూటే వేసుకుంటానన్నాడు. సరే, వేసుకో. కాని పెళ్లికూతురి తమ్ముడు చెయ్యాల్సిన పనొకటి ఉంది. హోమం దగ్గర వంగి అక్క దోసిట్లో పేలాలు పోయాలి. మూడు వందల మందికి వీపు చూపించి వంగాలి. ఆ వంగడం ఏమిటో నాకు తెలిసినంతగా భూమ్మీద ఇంకెవరికీ తెలియదు.

మా ఊరు రేపల్లె. బజారు వీధి మలుపులో మస్తాన్ సాయిబు కుట్టుకొట్టు ఉండేది. కొట్టంటే మూడు మెట్లు, ఒక అరుగు, ఒక మిషను. జిల్లా కలెక్టరు సూట్లన్నీ ఆయనే కుట్టేవాడని ఇక్కడ అందరికీ చెప్పాను. నిజానికి ఒకసారి తహసీల్దారుగారి కోటుకి బొత్తాం కుట్టాడు, అంతే. అయినా ఆ కొట్టు ముందు నిలబడితే వేరే లోకంలో ఉన్నట్టుండేది. బొగ్గుల ఇస్త్రీపెట్టె మూత తెరిచి విసనకర్రతో విసిరితే నిప్పురవ్వలు చిటపటలాడేవి. నోట్లో నీళ్లు పుక్కిలించి గుడ్డమీద సన్నటి తుంపరగా చల్లేవాడు. పెట్టె తగలగానే పొగలాంటి ఆవిరి లేచేది. వేసవి సెలవుల్లో ఎదురింటి గోడమీంచి ఆవకాయ కోసం ఎండబెట్టిన మిరపకాయల ఘాటు వచ్చి ఆ ఆవిరితో కలిసేది. వానాకాలంలో మెట్లకింద నీళ్లు నిలిస్తే ఆయన ముక్కుమీద కళ్లజోడుతో, చెవిలో సుద్దముక్కతో, పడవలో కూర్చున్నవాడిలా కుట్టుకుంటూ ఉండేవాడు.

ఆ కొట్టు పక్క ఖాళీ స్థలంలోనే మేము ఏడుపెంకులాట ఆడేవాళ్లం. మిగతావాళ్ల బంతులు పాత చీరముక్కలు చుట్టి కొబ్బరితాడు బిగించినవి, వీపున తగిలినా దులుపుకుని పోయేవి. నా బంతి మాత్రం నీలం రంగుది, ఉన్నిగుడ్డ చుట్టినది, గట్టిది. అది తగిలితే వారం రోజులు వాత కనబడేది. వారం కాదు, సాయంత్రం దాకా. ఆ ఏడాదంతా ఆ బంతివల్ల నేను మా వీధికి రాజుని.

మా అక్కకి సంబంధం కుదిరిన ఏడు, పెళ్లి వచ్చే ఏటి మాఘంలో అనుకున్నారు. పెళ్లికూతురి తమ్ముడికి కోటు ఉండాలన్నారు నాన్న. నీలం ఉన్నిగుడ్డ గుంటూరు నుంచి తెప్పించి నన్ను మస్తాన్ సాయిబు ముందు నిలబెట్టారు.

నాన్న తనకు తెలిసిన పద్ధతి చెప్పారు. "చేతులు కిందికి వదిలి వేళ్లు ముడిస్తే కోటు అంచు గుప్పిట్లో పడాలి. అంతేగా సాయిబూ?"

"అది అందరికీ పనికొస్తుందండీ బాబుగారూ. చినబాబుకి పనికిరాదు. ఈయనవి కోతిచేతులు. వాటిని నమ్ముకుంటే కోటు మోకాళ్లకొస్తుంది," అని ఆయన టేపు తీసి నా మెడవెనక ఎముకమీద ఒక కొస పెట్టి, వీపుమీదుగా మడమదాకా లాగి, ఆ పొడుగుని సరిగ్గా సగానికి మడిచాడు. "ఇదీ పొడుగుమనిషి కోటు. మనిషిలో సగం. కూర్చునేచోటు మొత్తం కప్పాలి, అంతకు వేలెడు కూడా ఎక్కువ దిగకూడదు. నిటారుగా నిలబడండి చినబాబూ, వంగితే కొలత తప్పుతుంది."

"పెరిగే పిల్లాడు. లోపల ఉంచు," అన్నారు నాన్న.

"ఉంచకుండానా? నాలుగు వేళ్ల గుడ్డ లోపలికి మడిచి, కనబడకుండా పైన అస్తరుగుడ్డ వేసి కుడతాను. పెళ్లినాటికి ఎంత పెరిగితే అంత దింపుకుందాం."

అప్పట్లో పిల్లల బట్టలన్నింటికీ అలాంటి మడత ఉండేది. లంగాలకి, లాగులకి, చొక్కా చేతులకి. ఏటేటా ఒక మడత విప్పితే పాత అంచు దగ్గర రంగు వెలవని చార కనబడేది, ఆ చారలు లెక్కపెట్టి పిల్లాడి వయసు చెప్పేవాళ్లు.

ఏడాదిలో నేను అడుగు పెరిగాను. సరే, నాలుగంగుళాలు. పెళ్లి వారంలో కోటు తీసుకుని నాన్న, నేను మస్తాన్ సాయిబు దగ్గరికి వెళ్లాం. ఆయన అరుగుమీద కోటు తిరగేసి అస్తరు కుట్టు విప్పాడు. లోపల మడత లేదు. అంచున అర వేలెడు గుడ్డ వేలాడుతోంది, అంతే.

నాన్న గొంతు బజారంతా వినబడింది. "నాలుగు వేళ్లు ఉంచుతానని చెప్పి మింగేశావా? పసివాడి కోటులో గుడ్డ దొంగిలించడానికి చేతులెలా వచ్చాయి?"

కిళ్లీకొట్టువాడు లేచి నిలబడ్డాడు. బియ్యం కొట్లో గుమాస్తా "దర్జీల సంగతి మనకి తెలీందా" అన్నాడు. మస్తాన్ సాయిబు కోటువంక చూశాడు, నావంక చూశాడు. "పొరపాటు నాదేనండీ బాబుగారూ," అన్నాడు. మేము మెట్లు దిగుతుంటే నన్ను పిలిచి, "చినబాబూ, పెళ్లిలో వంగకండి. వంగితే వెనక ఇంకా పైకి లేస్తుంది," అన్నాడు.

పెళ్లికి మూడు వేలమంది వచ్చారు. మూడు వందలు, వంటవాళ్లతో కలిపి. విడిదింట్లో పెసరట్టు, ఉప్మా, పందిట్లో గాడిపొయ్యి మీద బూందీ దూసే జల్లెడ చప్పుడు, నెయ్యి ఓడుతున్న బొబ్బట్లు, అరిటాకుల్లో పనసపొట్టు కూర, గంధం, సన్నాయి. వీటిలో ఒక్కటీ నేను అనుభవించలేదు. పొట్టికోటు కిందికి లాక్కుంటూ తిరిగాను. భుజాలు ముందుకి వంచితే ఎదురుగా కాస్త పొడుగ్గా కనబడుతోందని కనిపెట్టి అలాగే వంగి తిరిగాను. హోమం దగ్గర అక్క దోసిట్లో పేలాలు పోయడానికి పూర్తిగా వంగేసరికి కోటు నడుముమీదికి ఎగిరింది. కిందున్న తెల్లప్యాంటుకి అమ్మ వేసిన పచ్చటి అతుకు మగపెళ్లివారందరికీ దర్శనమిచ్చింది.

"బావమరిది కోటు వాళ్ల చంటివాడిది కాబోలు!" అన్నాడు పెళ్లికొడుకు మేనమామ. పందిరంతా నవ్వింది. అక్క కూడా నవ్వింది, చేతిలో పేలాలు ఒలికిపోయేలా.

ఆ తరువాత మా ఇంట్లోవాళ్లెవరూ మస్తాన్ సాయిబు అరుగెక్కలేదు. మా వీధిలోవాళ్లు కూడా చాలామంది మానేశారు. మరుసటేడు వానాకాలానికి ఆ కొట్టు తలుపులు మూసి ఉన్నాయి. ఆయన బాపట్ల వెళ్లాడని ఒకరు, కూతురి ఊరు వెళ్లాడని ఒకరు అన్నారు.

అందుకే దుకాణంలో రోహన్‌ని అన్నాను, "వంగు."

"వాట్?"

"మీ అక్క చేతిలో పేలాలు పోస్తున్నట్టు వంగు. అద్దానికి వీపు పెట్టు."

వాడు వంగాడు. నేను ఫోన్‌తో ఫొటో తీసి చూపించాను. చూసి ముందు నోరు తెరిచాడు, తరువాత చెవులదాకా ఎర్రబడ్డాడు. "ఓకే ఓకే, డిలీట్ చెయ్యి తాతా, ప్లీజ్!" అని వెళ్లి అదే రంగులో పొడుగుమనుషుల సైజు తెచ్చుకున్నాడు. కొలతలు తీసే ఆవిడ మెడలోంచి నేను టేపు అడిగి తీసుకుని వాడి మెడ ఎముక నుంచి మడమదాకా లాగి సగానికి మడిచాను. కోటు అంచు సరిగ్గా అక్కడ పడింది.

"వావ్. ఇది నీకెవరు నేర్పారు?"

"మస్తాన్ సాయిబని, మా ఊళ్లో..."

"ఓ, ఆ దొంగ టైలర్! నీ క్లాత్ కొట్టేసినవాడు కదా?" అన్నాడు నవ్వుతూ. "నువ్వు ప్రతి థాంక్స్‌గివింగ్‌కీ చెప్తావ్‌గా."

నిజమే, చెబుతాను. అరవై ఏళ్లకు పైగా చెబుతున్నాను. చెప్పిన ప్రతిసారీ ఆ నాలుగు వేళ్లు పెరుగుతూ వచ్చాయి, ఒకసారి మూర దాకా పోయాయి. విన్నవాళ్లు నవ్వారు, నేనూ నవ్వాను. కాని రేపల్లెని కలలో కూడా చూడని పిల్లాడి నోట ఆ మాట, ట్రాయ్‌లో, ఆయన కొలతతో కుదిరిన కోటు ఒంటిమీద ఉండగా వినేసరికి, ఎవరో నన్ను చెంపమీద కొట్టినట్టయింది.

"ఆయన దొంగ కాదురా. గుడ్డ నేను కోశాను."

రోహన్ నవ్వు ఆగింది.

చెప్పేశాను. దసరా సెలవుల్లో నాన్న గడ్డం గీసుకునే బ్లేడుతో అస్తరు విప్పి, మడత కోసి, బంతికి చుట్టుకున్నాను. అమ్మ సూదితో అస్తరు మళ్లీ నేనే కుట్టాను, చీమలు దారి తప్పినట్టు వంకరటింకరగా. ఆ రోజు అరుగుమీద కోటు తిరగెయ్యగానే మస్తాన్ సాయిబు ఆ కుట్లు చూశాడు. తన చేతికుట్టు కానిది ఆయనకి తెలియదా? పక్క స్థలంలో ఎగిరే నీలం బంతిని నెలల తరబడి చూడలేదా? నాన్న వంగి చూడబోతే, ఇంకా విప్పని వంకర కుట్లమీద బొటనవేలు వేసి మూసి, పొరపాటు నాదే అన్నాడు. నాన్న చేతి దెబ్బ నామీద పడకుండా ఆ వేలు అడ్డంపెట్టాడు.

"మరి నువ్వు ఎందుకు చెప్పలేదు?" అన్నాడు రోహన్.

"భయం. తరువాత సిగ్గు. ఆ తరువాత కథ బాగా కుదిరింది, జనం నవ్వుతున్నారు."

నేను వాడి కొత్త కోటు అంచు తిరగేసి చూశాను. లోపల బొటనవేలంత గుడ్డ కూడా లేదు. కొలతలు తీసే ఆవిడని అడిగితే, కావాలంటే పొట్టి చేస్తాం, పొడుగు చెయ్యడం కుదరదు, లోపల ఏమీ ఉంచరు అంది. మండింది నాకు. ఇంత డబ్బు తీసుకుని, పిల్లాడు ఇంకా పెరగవచ్చని ఒక్కడైనా అనుకోడా? మా రోజుల్లో పేదింటి లాగుకి కూడా ఆ చోటు ఉండేది. నా కోటులో ఉన్న చోటుని నేనే కోసుకున్నాను, ఆ చోటు ఉంచినవాణ్ని ఊరు వదిలిపోయేలా చేశాను.

"తాతా, నీకూ సూట్ కావాలిగా పెళ్లికి," అని రోహన్ నా చేతిలోంచి టేపు లాక్కుని నా వెనక్కి వచ్చాడు. మెడ ఎముకమీద వాడి చల్లటి వేలు తగిలింది. టేపు నా గూని వీపుమీదుగా కిందికి జారింది. కంప్యూటర్ల ముందు కూర్చుని ఈ గూని వచ్చిందని డాక్టరుకి చెప్పాను. మా అక్క పెళ్లిలో మొదలైంది.

"కొలత సరిగ్గా రావట్లేదు," అన్నాడు వాడు. "స్ట్రెయిట్‌గా నిలబడు తాతా."

వెనక గదిలో ఇస్త్రీపెట్టె బుస్సుమంది. తడి ఉన్ని వాసన వచ్చింది. నిలబడ్డాను, ఎంతవరకు వీలైతే అంతవరకు.