పక్క సీటు వాళ్ల రంగులు

మడికొండ నుంచి హన్మకొండ పోయే బస్సులో నా పక్కన కూర్చున్న పెద్దమ్మ కొక్కెం సూదితో ఊలు దుప్పటి అల్లుతోంది. ఒడినిండా రంగురంగుల చారలు. బస్సు ఎంత ఎగిరినా ఆమె వేళ్లు తడబడలేదు. ఒక చార పూర్తి కాగానే ఊలు సంచీ నా ముందు తెరిచింది.

"బిడ్డా, ఇప్పుడు ఏ రంగు ఎయ్యాలె?"

అంతకుముందు చార నారింజ. తమాషాకు నేరేడుపండు రంగు ఉండ చూపించాను. ఆమె మొహం చిట్లించింది.

"జర మంచిగ లేదు గని, నువ్వు చెప్పినవు గద," అంటూ అదే తీసి ముడేసింది.

"మీకు నచ్చిందే ఏసుకోండ్రి పెద్దమ్మా."

"ఇందుల ఒక్క రంగు గూడ నేను ఏరుకోలే. అన్ని పక్క సీటోళ్లు చెప్పినయే. దవాఖానల డయాలసిస్ కాడ ఏసీకి సలి పెడ్తది. ఒక్కదాన్నే పండుకోవాలె. ఇది కప్పుకుంటె సుట్టూ మంది ఉన్నట్టుంటది."

నా తమాషాకు నాకే సిగ్గేసింది. సుబేదారి వచ్చేసరికి నేరేడు చార సగందాకా పెరిగింది. దిగబోతూ, అది విప్పేసి ఆకుపచ్చ వెయ్యమని బతిమాలాను.

ఆమె చార మీద అరచెయ్యి అడ్డం పెట్టి నవ్వింది.

"ఉండనియ్ బిడ్డా. మంచి రంగులు చెప్పినోళ్లు అందరు కలిసిపోయిన్రు. నిన్నొక్కదాన్ని గుర్తువడ్త."