గండి కొండ ఎక్కిన చైనా సెట్టు

మొన్న ప్రొద్దుటూరులో ఒక పెళ్ళికి పోతే, వీడియో తీసేవాళ్ళిద్దరు మండపానికి చెరో మూల నిలబడి అరచేతిలో ఇమిడే వాకీటాకీ సెట్లలో మాట్లాడుకుంటున్నారు. వాళ్ళు బొత్తాం నొక్కినప్పుడల్లా నా బొటనవేలు కూడా దానంతటదే నొక్కుకుని, గుప్పిట్లోని అక్షింతలన్నీ పిండి చేసేసింది. మా ఆవిడ అది నరాల బలహీనత అనుకుని కంగారుపడింది గానీ, నాకు గుర్తుకొచ్చింది నా మొట్టమొదటి చేతి సెట్టు.

రాష్ట్రం విడిపోయిన కొత్తల్లో నాకూ, పులివెందులలో ఉండే మా అక్క మొగుడికీ ఒకేసారి, సొంత వైర్‌లెస్ సెట్లలో ఊరూరి వాళ్ళతో సరదాగా మాట్లాడుకునే అమెచ్యూర్ రేడియో పిచ్చి పట్టుకుంది. కలిసే పరీక్ష రాశాం, కలిసే లైసెన్సులు తెచ్చుకున్నాం. బావ బడిపంతులు కాబట్టి వెంటనే ఖరీదైన జపాను సెట్టు కొనేశాడు. నేనేమో రోజూ ప్రొద్దుటూరు నుంచి జమ్మలమడుగుకు బస్సులో పోయి గుమాస్తా పని చేసి వచ్చేవాణ్ణి. నా చేతిలోని డబ్బుకు ఆ సెట్టును నడుముకు తగిలించుకునే క్లిప్పు మాత్రం వచ్చేది. అయినా ఆఫీసు కంప్యూటరులో దాని బొమ్మ చూడని రోజు లేదు. నీళ్ళలో మునిగినా పాడుకాదట, నేనేదో నడిసముద్రంలో గుమాస్తాగిరీ చేస్తున్నట్టు! సెకండ్ హ్యాండుది ఒకటి చవగ్గా దొరికింది గానీ దాని బ్యాటరీ పావుగంట నిలవదన్నారు, పావుగంటలో నాకు పలకరింపులే పూర్తికావు. ఇక మిగిలింది అన్నిటికన్నా చవకైన చైనా సెట్టు, చూడబోతే పిల్లలాడుకునే బొమ్మలా ఉంది.

మా వీధిలో మోటార్లకు వైండింగు కట్టే మామ ఉండేవాడు. కువైటులో పదేళ్ళు వైర్‌లెస్ సెట్లు బాగుచేసి వచ్చిన సాయిబు. నాకు ఈ పిచ్చి అంటించిందీ ఆయనే. నా గోడు విని, “ఏంది అల్లుడా, సెట్టు మాట్లాడ్తాదా, నువ్వు మాట్లాడ్తావా?” అన్నాడు. “అదీ ఐదు వాట్లే, ఇదీ ఐదు వాట్లే. చైనాది తీస్కో. దాంతో వచ్చే ఈ జానెడు రబ్బరు కొమ్ముతో మాట యాడికి పోతాది? మంచి యాంటెన్నా నేను చేసిస్తాలే.”

మన తరం వాళ్ళకు గుర్తుండే ఉంటుంది, దూరదర్శన్ రోజుల్లో మిద్దె మీది యాంటెన్నా నుంచి టీవీకి దిగే చదునైన రిబ్బను తీగ. మామ దాన్నే కొలిచి, కత్తిరించి, టంకం పెట్టి, చుట్టచుట్టి నా జేబులో వేశాడు. కట్టె కొసకు వేలాడదీస్తే అదే యాంటెన్నా.

సంగతి తెలిసి బావ ఫోను చేసి ఒకటే నవ్వు. “బామ్మర్దీ, ఆ బొమ్మ మాట మీ గడప దాటదులే!”

నా నోరు ఊరుకుంటుందా? మా మిద్దె మీద నుంచే పులివెందులకు మాట్లాడతాననీ, లేకపోతే మీసం తీసేస్తాననీ అనేశాను. అది మామూలు మీసం కాదు. జమ్మలమడుగు బస్సులో కండక్టరు దానికి విడిగా టికెట్టు కొట్టేవాడు.

రెండు ఆదివారాలు మిద్దెక్కి గొంతు చించుకున్నాను. బుస్సుమనే చప్పుడు తప్ప జవాబు లేదు, మధ్యలో అన్నీ కొండలే మరి. మీసం దువ్వుకుంటే ఏడుపొచ్చేది. చివరికి ఒక శ్రావణ శనివారం వెదురుకట్టె పట్టుకుని గండి బస్సెక్కాను, అక్కడి నుంచి పులివెందుల దగ్గర కదా అని. ఆంజనేయస్వామి గుడి పక్క కొండెక్కి, రిబ్బను వేలాడదీసి, బావను పిలిచి, ప్రొద్దుటూరులో మా మిద్దె మీద నుంచి మాట్లాడుతున్నానని మొదలుపెట్టి, పెన్నా మీది చల్లగాలినీ, పక్కన అమ్మ పెడుతున్న వడియాలనూ వర్ణించాను. ఈ సెట్లకు ఒక తంటా ఉంది, బొత్తాం నొక్కి ఉన్నంతసేపూ అవతలి మాట మనకు వినపడదు. నాలుగు ముక్కలు మాట్లాడి వదిలెయ్యాలి. నేను నాలుగు నిమిషాలకు వదిలాను.

“ఐపోయిందా?” పక్కన కూర్చున్నట్టే వచ్చింది బావ గొంతు. “శానా బాగా వినపడ్తాంది బామ్మర్దీ. కాకుంటే మీ మిద్దె మీద అంతమంది ‘జై ఆంజనేయా’ అని అరుస్తాండారే, స్వామి గండి ఇడిసిపెట్టి ప్రొద్దుటూరికి ఎప్పుడొచ్చినాడప్పా?”

నా చెయ్యి మీసం మీదికి పోయింది.

బావే మళ్ళీ అందుకున్నాడు. “సర్లే, ఇన్నాళ్ళూ నా సెట్టు మాట ఈ పక్కనుండే లింగాల గూడా దాటల్యా. ఆ తీగ నాకొకటి చేపిచ్చకరా. మీసం మాట నేను ఎవురి కాడా ఎత్తను.”

ఆ మాటతో నేను బండ మీద వేసిన గంతులకు, నాకు స్వామి పూనాడనుకుని యాత్రికులు వరసగా దండాలు పెట్టారు. ఒకావిడ కొబ్బరిచిప్ప ఇచ్చి, కూతురికి సంబంధం ఎప్పుడు కుదురుతుందని అడిగింది. కార్తీకంలో అని చెప్పి దిగాను.

ఇప్పుడంతా ఫోనే, దానికి కువైటైనా, మా పక్కనుండే కలమల్లైనా ఒకటే దూరం. మాట చేరుతుందో లేదోనన్న గుబులూ లేదు, దానికోసం కట్టె పట్టుకుని కొండలెక్కే పనీ లేదు. బావ పొద్దున్నే పూల బొమ్మ పంపిస్తాడు, నేను దండం బొమ్మ పంపిస్తాను. నిన్న ఇద్దరం తీరిగ్గా గంటసేపు ఫోనులో మాట్లాడుకున్నాం. పెట్టేశాక, బావ ఏమన్నాడని మా ఆవిడ అడిగితే, ఎంత వెతికినా చెప్పడానికి ఒక్క ముక్క గుర్తుకు రాలేదు.